అరువు నడక

మాణిక్యాంబ నడుములోకి నాలుగు స్క్రూలూ రెండు రాడ్లూ దిగాక, ఇంట్లో వాటికి ‘పసివాళ్ళు’ అని పేరు పడింది. పెట్టింది ఆవిడే. కొడుకు శశిభూషణ్ పనిచేసే పరిశోధన కేంద్రంలో ఆ లోహాన్ని పసిలోహం అంటారు. ఒంట్లోకి వెళ్ళిన కొత్తలో దానికి ఏమీ తెలియదు. మనిషి ఎలా నడుస్తుందో, ఎలా వంగుతుందో, ఎంత బరువు ఎత్తుతుందో ఒక నెలపాటు నేర్చుకుంటుంది. అందుకు తగ్గ బిగువు తెచ్చుకుని, ఆ మీదట గట్టిపడిపోతుంది. గట్టిపడ్డాక దాన్ని మార్చడం బ్రహ్మతరం కూడా కాదు.

మాణిక్యాంబ ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా కాకినాడ నుంచి రామచంద్రపురం, రామచంద్రపురం నుంచి కాకినాడ. గతుకుల రోడ్డు మీద, కిక్కిరిసిన బస్సులో, నిలబడి టిక్కెట్లు కొట్టింది. చివరికి నడుములో అడుగు పూస ముందుకు జారి, ఎడమ కాలు తిమ్మిరెక్కి, గుమ్మం దాటడమే గగనమైంది. జారిన పూసని పైపూసతో కలిపి బిగించి, రెండింటినీ ఒకే ఎముకగా అతికించడం తప్ప దారి లేదన్నారు.

“మీ లోహం అంత గొప్పదైతే ఊళ్ళోవాళ్ళ నడుములకే పెడతావేంట్రా? మీ అమ్మ నడుం ఏం పాపం చేసింది?” అని కొడుకుని నిలదీసింది.

కేంద్రం వాళ్ళు ఒప్పుకున్నారు కానీ ఒక షరతు పెట్టారు. తల్లికి సంబంధించిన లెక్కల జోలికి శశి రాకూడదు. ఆవిడ మంచిచెడ్డలన్నీ ఆపరేషన్ చేసే డాక్టర్ ఎస్తేరు రాణి చూసుకుంటుంది. న్యాయమైన షరతే. అది గనక లేకపోతే జరిగిన తప్పు మొదటి రోజే బయటపడేది.

పసిలోహానికి పాఠం చెప్పేది ఒక బెల్టు. పగలంతా నడుముకి కట్టుకుంటే మనిషి కదలికలన్నీ అది పట్టుకుంటుంది. సాయంత్రం రోగిని బోర్లా పడుకోబెట్టి, కుట్ల మీద ఆ బెల్టు పరిచి మీట నొక్కితే, పొద్దుటినుంచి చూసిందంతా లోపలి రాడ్లకి అప్పజెప్పి, ఆ రిపోర్టు కేంద్రానికి పంపుతుంది. “నొప్పి ఉన్నా సరే, రోజూ లేచి మెల్లగా తిరగాలి. మీ నడకే వాటికి పాఠం” అని ఎస్తేరు రాణి ఆస్పత్రిలో బొమ్మలు చూపించి మరీ చెప్పింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ బుద్ధిగా తల ఊపారు. డాక్టరు చెబుతున్నప్పుడు అందరం ఊపుతాం.

ఇంటికొచ్చిన మొదటి ఉదయం మాణిక్యాంబ మంచం దిగి, గోడ పట్టుకుని, హాల్లో సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. పళ్ళ బిగువున ఏడుపు ఆపుకుంటోంది. పిఠాపురం నుంచి చూడవచ్చిన అక్కగారు గుండెలు బాదుకుంది.

“పచ్చి ఒళ్ళే మాణిక్యం! కోత ఆరకుండా మంచం దిగుతారుటే ఎవరైనా? బాలింతని నడిపిస్తామా మనం?”

కోడలు ప్రసూన చూడలేకపోయింది. ఆ పిల్లకి ఎవరి మీదైనా ప్రేమ కలిగితే దాన్ని చూపించే పద్ధతి ఒక్కటే వచ్చు, వాళ్ళ చేతిలో పని తను లాక్కోవడం. పుట్టింట్లో అదే నేర్పారు, మెట్టినింట్లో దానికే మెచ్చుకున్నారు.

“మీరు పడుకోండి అత్తయ్యా. బెల్టు ఇలా ఇవ్వండి, నేను కట్టుకుంటాను.”

“నువ్వు కట్టుకుంటే ఎలాగే?”

“ఖాళీగా పంపితే ‘శశి వాళ్ళమ్మే నడవలేదట’ అని ఆయన పరువు పోదూ? నాలుగు రోజులేగా. మీకు కాస్త నెమ్మదించాక మీరే కట్టుకుందురుగాని.”

మాణిక్యాంబ కాసేపు ఆలోచించింది. చెకింగ్ వాళ్ళు ఎక్కినప్పుడు బస్సులో మనుషుల లెక్కా టిక్కెట్ల లెక్కా సరిపోతే చాలు. ఎవరి టిక్కెట్టు ఎవరి చేతిలో ఉందో ఏ చెకింగూ అడగలేదు. బెల్టు కూడా అలాంటిదే అనుకుంది.

“సరే, కట్టుకో మరి” అని గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ నాలుగు రోజులు నెలయ్యాయి.

నెలంతా ప్రసూన నడుముకి, శశి కంట పడకుండా చీర మాటున, బెల్టు ఉంది. తెల్లారుతూనే వీధి చివర నీళ్ళ ప్లాంటు దగ్గరికి స్కూటీ మీద వెళ్ళి, ఇరవై లీటర్ల టిన్ను ముందు పెట్టుకుని తెచ్చి, మేడమెట్లు ఎక్కించింది. మూడేళ్ళ పాపని ఎడమ చంకన వేసుకునే కూర కలిపింది, ఇల్లు ఊడ్చింది. తడిబట్టల బకెట్టు డాబా మీదికి మోసింది. మధ్యాహ్నం బడిలో నిలబడి లెక్కలు చెప్పింది. సాయంత్రం అత్తగారి వీపు మీద ఆ బెల్టు పరిచి మీట నొక్కింది. మాణిక్యాంబ ఏమో రోజులో ఎక్కువ భాగం మంచం మీద, మిగతా భాగం బాత్రూం దాకా. నొప్పి తగ్గినా భయం తగ్గలేదు. ఎస్తేరు రాణి ఫోన్ చేసి, “మాణిక్యాంబగారూ, మీ రిపోర్టు బంగారమండీ! ఈ వయసులో ఇంత చురుకైన పేషెంట్‌ని నేను చూళ్ళేదు” అన్నప్పుడల్లా ఆవిడ గొంతు సవరించుకుని, “ఏదో, మీ దయ” అనేది.

తలుపు పక్కన నిలబడి వింటున్న ప్రసూనకి లోలోపల ఒక చిన్న సంతోషం. తన రోజుని బంగారం అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

నెల దాటాక పరీక్షకి పిలిచారు. ప్రసూన తోడు వెళ్ళింది.

కేంద్రంలో ఒక పొడవాటి గదిలో నేలంతా పలకలు పరిచి ఉన్నాయి. వాటి మీద నడిస్తే, నడుములో రాడ్లు ఎంత వంగాయో ఎదుట తెర మీద కనిపిస్తుంది. మాణిక్యాంబ కమ్మీ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ ఆ చివరికి వెళ్ళింది. తెర మీద రెండు గీతలు వచ్చాయి. పసిలోహం ఎదురుచూస్తున్న గీత కొండలా లేచింది. ఆవిడ నడిచిన గీత నేలబారుగా ఉండిపోయింది.

ఎస్తేరు రాణి మొహం చిట్లించింది. నెల రోజుల రిపోర్టు తెరిచింది. అందులో ఆవిణ్ణి మొదటినుంచీ వేధిస్తున్న ముక్క ఒకటుంది. రోజూ ఉదయం ఒకే వేళకి, నడుము కుడివైపు వరసగా కుదుపులు. మెట్లు ఎక్కడం కాదు, తుమ్ము కాదు. లేబులో ఎవరికీ అంతుపట్టలేదు. పక్క గదిలో ఉన్న శశిని కేకేసింది.

“పేరు అడక్కు. ఈ ముక్క ఒక్కటి చూసి, ఇదేం కదలికో చెప్పు.”

శశి తెర దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. అతనికి అంకెలంటే ప్రాణం. తల్లి, పెళ్ళాం గదిలో ఉన్న సంగతి కూడా ఒక్క క్షణం మరిచిపోయాడు.

“కుడికాలితో తన్నడం మేడం. ఒకటి... రెండు... మూడోసారికి ఆగిపోయింది, అంటే ఇంజను అందుకుంది. స్కూటీ ఇది. సెల్ఫ్ స్టార్ట్ పనిచెయ్యని స్కూటీ...”

మాట సగంలో ఆగింది. బ్యాటరీ మార్పిస్తానని దసరా నుంచి చెబుతూ వస్తున్నది తనే. మెల్లగా భార్య వైపు తిరిగాడు.

 “నేనే కట్టుకున్నానండీ” అంది ప్రసూన. “అత్తయ్యకి నొప్పిగా ఉందని.”

 శశి మళ్ళీ తెర వైపు చూశాడు. ఈసారి గీతని చివరిదాకా జరిపి చూశాడు.

“ఈ అంకెలు తప్పేమో మేడం. మనం పోర్టులో మూటలు మోసేవాళ్ళకి కట్టి చూశాం కదా, వాళ్ళకే ఇంత రాలేదు.”

“తప్పేం కాదు” అంది ఎస్తేరు రాణి. “మీ ఆవిడకి అది మామూలు రోజు.”

శశి గీతని మళ్ళీ మొదటికి జరిపాడు. 

ఎస్తేరు రాణి కేకలెయ్యలేదు. అలమారులోంచి రెండు చెక్కముక్కలు తీసింది. మధ్యలో స్పాంజి పెట్టి, రెండు పక్కలా సన్నటి తీగలు బిగించి, పైనుంచి అరచేత్తో నొక్కింది. స్పాంజి కాస్త నలిగింది. తీగలు తీసి ఇనుప కడ్డీలు బిగించి మళ్ళీ నొక్కింది. స్పాంజి చెక్కుచెదరలేదు.

“ఈ స్పాంజి ఉన్నచోట ఎముక పుట్టాలి. నలిగితేనే పుడుతుంది. పని లేకపోతే ఎముకకి బద్ధకం. బరువంతా కడ్డీలే మోసేస్తుంటే అది ఎందుకు పుడుతుంది? నీ నడుం మోసే బరువులకి తగ్గట్టుగా ఈ రాడ్లు బిగిశాయమ్మా. అందులోనూ ఎడమది మరీ గట్టిది.”

“పాపని ఎడంవైపే ఎత్తుకుంటాను” అంది ప్రసూన, ఏడుపు గొంతుతో.

“నీ కొలతలకి కుట్టిన జాకెట్టు ఆవిడ ఒంట్లో ఉంది ఇప్పుడు. ఆవిడ ఇలాగే నెమ్మదిగా తిరుగుతుంటే మధ్యలో ఎముక రాదు. రాకపోగా స్క్రూల చుట్టూ ఉన్నది కూడా పలచబడి, అవి వదులవుతాయి. అప్పుడు మళ్ళీ కోసి తియ్యాలి. షుగరు, ఆ గుండె... ఆవిడకి రెండోసారి మత్తు ఇవ్వాలంటే నాకు ధైర్యం చాలదు.”

ప్రసూన ఇక ఆపుకోలేకపోయింది. కుర్చీలో కూలబడి కొంగులో మొహం దాచుకుంది. మేలు చేద్దామని చేతులారా అత్తగారి ప్రాణం మీదికి తెచ్చింది. ఆ మాట ఎవరూ అనకపోవడం మరీ భరించలేనట్టుగా ఉంది.

“ఏడవకే అమ్మాయ్” అంది మాణిక్యాంబ. కమ్మీ పట్టుకుని ఇంకా పలకల మీదే నిలబడి ఉంది. “డాక్టరమ్మా, జాకెట్టు మార్చలేమంటున్నారు. మరి ఒళ్ళు మార్చుకోవచ్చుగా?”

“అంటే?”

“కోడలు మోసే బరువు నేనూ మోస్తే ఆ స్పాంజి నలుగుతుందా, నలగదా?”

ఎస్తేరు రాణి, శశి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ సాయంత్రమంతా ఇద్దరూ తెర ముందు కూర్చుని లెక్కలు వేశారు. శశిని దూరం పెట్టిన షరతుకి కేంద్రం పెద్దలు కొన్నాళ్ళపాటు మినహాయింపు ఇచ్చారు. నలుగుతుంది అని తేలింది. కాకపోతే ఒక్కసారిగా కాదు, మెట్టు మెట్టుగా పెంచాలి. మూడు నెలలు గడువు. అప్పటికీ ఎముక జాడ లేకపోతే కొయ్యక తప్పదు.

“ఒక్క మాట” అంది ఎస్తేరు రాణి, వెళ్ళబోతున్నవాళ్ళని ఆపి. “ఈ రిపోర్టులో అన్నిటికన్నా ఎత్తున లేచిన గీతలు ఆ నీళ్ళ టిన్నువి. అవి అత్తగారికి అక్కర్లేదు. కోడలికీ వద్దు. లేకపోతే ఇంకో ఇరవయ్యేళ్ళకి ఇదే బల్ల మీద ప్రసూనని పడుకోబెట్టుకుంటాను.”

మర్నాటి నుంచి టిన్ను శశి మోశాడు. మెట్ల రెండో మలుపులో ఆగి ఆయాసపడుతూ, ఇన్నేళ్ళూ ఇది ఎలా పైకి వస్తోందని తను ఒక్కసారైనా ఎందుకు అడగలేదో ఆలోచించాడు. సమాధానం దొరికింది కానీ పైకి అనుకోదగ్గది కాదు.

మాణిక్యాంబకి చదువు డాబా మీద మొదలైంది. ముందు ప్రసూన, వెనక ఆవిడ.

“అంత చప్పున పడాలంటావా అడుగు?”

“నాకు తెలీదత్తయ్యా. ఎలా నడుస్తానో నేనెప్పుడూ చూసుకోలేదు.”

“నువ్వు నడువు, నేను చూసుకుంటాలే.”

ప్రసూన ఎప్పట్లా నడవబోతే అడుగులు తడబడేవి. వెనక ఒకరు చూస్తుంటే ఎవరికైనా నడక మరిచిపోతుంది. మాణిక్యాంబ మాత్రం కండక్టరు కళ్ళతో పట్టేసింది. మడమ నేలకి పూర్తిగా ఆనదు, ఎడమ భుజం కిందికి వాలి ఉంటుంది, మలుపులో కూడా వేగం తగ్గదు. ఒక్కొక్కటే తన ఒంటికి తెచ్చుకుంది. మొదట వట్టి నడక, తర్వాత నడుముకి చిన్న ఇసుక సంచి, ఆ తర్వాత సగం బకెట్టు బట్టలు. మెట్లు ఎక్కుతూ మధ్యమధ్య ఆగి కోడల్ని అడిగేది.

“ఇదంతా రోజూ చేస్తున్నావే నువ్వు?”

“ఆదివారం కాస్త ఎక్కువుంటుందండీ.”

“హవ్వ” అనేది మాణిక్యాంబ. ఇంట్లో కూర్చుని ఆదివారం గారెలు అడిగింది తనే మరి.

ఒకరోజు మెట్ల మధ్యలో ఆవిడ బకెట్టు కింద పెట్టి కూలబడిపోయింది. నుదుటి నిండా చెమట, పెదాలు తెల్లగా పాలిపోయాయి. ప్రసూన ఒక్క గెంతులో వచ్చి బకెట్టు అందుకుంది.

“చాలత్తయ్యా. ఇంక వద్దు. ఇలా ఇవ్వండి.”

“ముట్టుకోకు!”

బస్సు చివరి సీటుదాకా వినిపించే గొంతు అది. ప్రసూన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నువ్వు జాలిపడబట్టే ఇంతదాకా వచ్చింది. నేను పడనిచ్చాను, నాదీ తప్పే. ఇంక జాలిపడకు. నీకు దండం పెడతాను, నన్ను మొయ్యనీ.”

ప్రసూన రెండు చేతులూ వెనక్కి కట్టుకుని మెట్టు మీద నిలబడింది. జీవితంలో చేసిన పనులన్నిటిలోకీ కష్టమైన పని అదే అనిపించింది, ఒకరు మోస్తుంటే చూస్తూ ఊరుకోవడం. మాణిక్యాంబ కాసేపు ఊపిరి తీసుకుని, కమ్మీ పట్టుకుని లేచి, బకెట్టు ఎత్తుకుని పైకి వెళ్ళింది. ప్రసూన వెనకే వెళ్ళి క్లిప్పులు మాత్రం అందించింది.

నెలన్నరకి స్కాన్ తీశారు. రెండు పూసల మధ్య ఏమీ లేదు. చీకటి మరక ఒక్కటే. పైగా ఎడమ స్క్రూ చుట్టూ సన్నటి నల్లటి అంచు మొదలైంది. వదులవడానికి అది తొలి గుర్తు అని శశి చెప్పకపోయినా అతని మొహం చెప్పింది. ఇంటికి వస్తూ ఆటోలో ప్రసూన అత్తగారి చెయ్యి పట్టుకుంది. ఆవిడ విడిపించుకోలేదు.

“ఎడమవైపు చాలట్లేదమ్మా” అన్నాడు శశి ఇంటికొచ్చాక. “ఇసుక సంచి నిలకడగా వేలాడుతుంది. పాప అలా ఉండదు కదా, కదులుతుంది, జారుతుంది, ఎగురుతుంది. ఆ రాడ్డు నేర్చుకున్నది పాపని.”

ఆపరేషన్ అయినప్పటినుంచీ పాపని ఎత్తుకోవడం మాణిక్యాంబకి నిషేధం. పాప వచ్చి చేతులు చాచినప్పుడల్లా ఆవిడ మొహం తిప్పుకునేది. ఎస్తేరు రాణి ఆలోచించి, మొదట కూర్చుని, తర్వాత నిలబడి, రోజూ కాసేపు అని ఒప్పుకుంది. తొలిరోజు శశి ఒక పక్క, ప్రసూన ఒక పక్క చేతులు చాచి కాపలా నిలబడ్డారు. పాప నానమ్మ ఎడమ చంకలోకి ఎక్కి, రెండు కాళ్ళూ నడుం చుట్టూ బిగించి, చెవి పట్టుకుని ఊపింది.

“నానమ్మా, గుర్రం!”

“గుర్రమేలే తల్లీ” అంది మాణిక్యాంబ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నొప్పికో, మరి దేనికో ఎవరూ అడగలేదు.

మిగిలిన నెలన్నరా పాప ఆ చంక దిగలేదంటే అతిశయోక్తి కాదు. ప్రసూన చేతులు మాత్రం ఖాళీ అయిపోయాయి. మొదట్లో వాటిని ఏం చేసుకోవాలో తెలిసేది కాదు. వంటింట్లోకి వెళ్ళి ఏమీ తీసుకోకుండా తిరిగి వచ్చేది. కూర్చుంటే ఎవరో ఏమో అంటారన్నట్టు చప్పున లేచేది. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. ఒక మధ్యాహ్నం బడినుంచి వచ్చి కుర్చీలోనే నిద్రపోయింది. లేచేసరికి బియ్యం కడిగి ఉన్నాయి. ప్రసూనకి సిగ్గేసింది, హాయిగానూ ఉంది.

గడువు రోజు శశి స్కాన్ గదిలోకి రాలేదు. మళ్ళీ షరతు అమల్లోకి వచ్చింది. లోపల మాణిక్యాంబ బల్ల మీద ఉంటే, ప్రసూన గాజు తలుపు ఇవతల నిలబడి, తనకి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కేసి, తెలియనివాళ్ళకి కూడా ఒక దండం పెట్టింది. ఎస్తేరు రాణి తెర మీద బొమ్మని ముందుకీ వెనక్కీ జరుపుతోంది. ఒకచోట ఆగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. తలుపు తీసింది.

“లోపలికి రా. ఇలా చూడు.”

చీకటి మరక ఉన్నచోట ఇప్పుడు పై పూస నుంచి కింది పూసకి తెల్లటి గీత ఒకటి దిగింది. సన్నగా, వంకరగా ఉంది. కానీ మధ్యలో ఎక్కడా తెగలేదు. ఎడమ స్క్రూ చుట్టూ నల్లటి అంచు పోయింది.

“ఇది ఎముకేనా మేడం?”

“ఎముకే. ఇంకా లేతది. ఈవిడ సొంతంగా తెచ్చుకున్నది. ఇంక కొయ్యక్కర్లేదు.”

ప్రసూన ఆ గీత మీద వేలు పెట్టి చూసింది. తెర చల్లగా ఉంది. కన్నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోవాలని తోచలేదు. బల్ల మీద నుంచి మాణిక్యాంబ అరిచింది.

“ఏంటే? ఏమైందో చెప్పి ఏడవచ్చుగా!”

“వచ్చింది అత్తయ్యా. ఎముక వచ్చింది!”

ఇంకో గంటకి కాగితాలన్నీ ముగిశాయి. “ఇక మీ రాడ్ల పని దాదాపు అయిపోయింది” అంది ఎస్తేరు రాణి వీడ్కోలు ఇస్తూ. “ఎముకే మోసుకుంటుంది. కోడల్లా తిరగక్కర్లేదు. హాయిగా మీ పద్ధతిలో నడవండి.”

మాణిక్యాంబ దణ్ణం పెట్టి వరండాలోకి వెళ్ళింది. ప్రసూన సంచీ సర్దుకుని, చెప్పులు వేసుకుని, వెనకాల బయల్దేరి, గుమ్మంలోనే ఆగిపోయింది.

పొడవాటి వరండాలో తన అత్తగారు ముందు వెళుతోంది. మడమ నేలకి ఆనడం లేదు. చంకలో ఎవరూ లేకపోయినా ఎడమ భుజం కిందికి వాలి ఉంది. ఎక్కడో ఏదో మాడిపోతున్నట్టు, ఎవరో కేకేస్తున్నట్టు, ఇప్పటికే ఆలస్యమైనట్టు ఆ మనిషి నడుస్తోంది. ఎదురొచ్చిన నర్సు పక్కకి తప్పుకుంది. ఆ నడక ఎవరిదో ప్రసూనకి తెలుసు. ఇన్నాళ్ళూ ఆ నడకలోనే ఉండటం వల్ల అది ఎలా ఉంటుందో ఎప్పుడూ చూడలేదు.  పరాయి మనిషైతే ఎదురెళ్ళి, “ఎందుకమ్మా అంత కంగారు? కాసేపు కూర్చో” అని ఉండేది.

“అత్తయ్యా! ఆగండి.”

మాణిక్యాంబ ఆగి వెనక్కి తిరిగింది. కోడలి మొహం చూసింది.

“నేను ఇలా నడుస్తానా?” అంది ప్రసూన.

“ఆయ్, ఇలాగే” అంది మాణిక్యాంబ. “మూణ్ణెల్లు నీ వెనకే నడిచాను కదమ్మా. మొదట్లో నీకు ఒళ్ళు చురుకనుకున్నాను. నడవగా నడవగా తెలిసింది, అది చురుకు కాదు.”

“మీకు అక్కర్లేదన్నారుగా మేడం. ఇంక మీ నడక మీరు నడవండి.”

“ఏదే? చూశావుగా, రావట్లేదు. నా నడక ఎలా ఉండేదో గుర్తులేదు.” మాణిక్యాంబ చెయ్యి చాచింది. “ఇలా రా. నా నడక నాకూ వద్దు, నీది నీకూ వద్దు. ఇంకోటి చూసుకుందాం.”

ప్రసూన సంచీ బెంచీ మీద పెట్టి, అత్తగారి చెయ్యి పట్టుకుంది. మడమ పూర్తిగా ఆనేదాకా ఆగి, అప్పుడు రెండో అడుగు. నాలుగు అడుగులు సవ్యంగానే పడ్డాయి. అయిదో అడుగుకి ప్రసూన తనకి తెలియకుండానే ముందుకి ఉరికింది, ఆవిడతో పాటు మాణిక్యాంబా ఉరికింది. ఇద్దరూ ఒకరినొకరు పట్టి లాక్కుని ఆగి, నవ్వేశారు. వరండా చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చారు. బాగా రాలేదు. మళ్ళీ మొదలుపెట్టారు.